ష్విసెయో

గడ్డం పైకెత్తండి.
భుజాలు ముందుకి. ఛాతీ పలకకి ఆనించండి,
చల్లగా ఉంటుంది, తెలుసు.
పీల్చండి. ఇంకొంచెం. బిగబట్టండి.
ష్విసెయో.

రోజుకి అరవైసార్లు అంటాను ఈ మాట
సీసపు తలుపు వెనక నుంచి, మైకులో.
ఊపిరి వదలండి అని.
కాసేపు విశ్రమించండి అని కూడా.
మా కొరియా భాష రెంటికీ ఒక్క క్రియే ఖర్చుపెట్టింది,
ఉన్న ఒక్క గిన్నెలోనే
కూర దించి చారు కాచే ఇల్లాలిలా.

తేబెక్‌లో గనులు మూసేశారు.
ఊపిరితిత్తులు మూయలేదు.
లోపల ఎంత మిగిలిందో తేల్చమని
వాటిని నా దగ్గరికి పంపుతారు.

తక్ మాన్‌బోక్. డెబ్బై ఎనిమిది. తొమ్మిదో వార్డు.
ఆయన ఛాతీలో ఎప్పుడూ మంచు కురుస్తుంటుంది.
నల్లబొగ్గు తెల్లగా కనబడేది
నాకు తెలిసి ఈ తెర మీదే.

సెలవుని మేం ఊపిరాడే రోజంటాం.
ఆయనకి నెలకి రెండు ఉండేవట.
ఆ రెండూ గోడవైపు తిరిగి పడుకునే గడిపేవాడట,
అదీ ఒక షిఫ్టే అన్నట్టు.

గొంతు బొంగురుపోయినా అదే క్రియ.
మూడో సొరంగం కూలిన రాత్రి
ఇల్‌గు, ఇల్‌గు అని
రాళ్ళసందుల్లోకి పిలిచి పిలిచి
పదిరోజులు ఆయనకి మాట పెగల్లేదు.
ఇప్పటికీ ఆ పేరు దగ్గర
గొంతు కాస్త జీరపోతుంది.
పలకాల్సినవాడు పలకలేదు మరి.

ఆగస్టులో ఒక్‌బున్
రెండు బస్సులు మారి క్యారేజీ తెచ్చింది.
మూత తీసి, వాసన చూసి
"ష్విఒన్నే" అంది, పాసిపోయిందే అని.
పక్కమంచం ముసలాయన ఉలిక్కిపడి లేచాడు:
"ఎవరు? మాన్‌బోకా? నిద్రపోయాడా?"
"కాదయ్యా, బార్లీ అన్నం!"
వార్డంతా నవ్వింది, దగ్గొచ్చేదాకా.
మా వార్డులో నవ్వుకి అదే కొలత.

పారబోయలేదావిడ.
పాసిన అన్నాన్ని గుడ్డలో మూటగట్టి
నీళ్ళలో పిసికితే చిక్కటి గంజి,
దుప్పటికి పెడితే కాగితంలా నిలబడుతుందట.
నాకు తెలియదు. మా ఇంట్లో దుప్పట్లు మిషనువే.

యాభైని మేం ష్విన్ అంటాం.
పాసిన అన్నం ముందు చేర్చేదీ ఆ ష్విన్నే.
"గనిలోంచి తీసేసిన ఏడు
నాకు యాభై నిండిందో, పాసిపోయానో
తేల్చుకోలేకపోయాను," అన్నాడోసారి చొక్కా గుండీలు పెట్టుకుంటూ.
నిజానికి అప్పటికి ఆయనకి యాభై రెండు.
జోకు కోసం రెండేళ్ళు వదులుకున్నాడు.

తర్వాత ఆ మంగళవారం.
పీల్చండి అన్నాను. బిగబట్టండి అన్నాను.
పైనుంచి ఫోను. పేరు తప్పు, నంబరు తప్పు,
ఎవరిదో రిపోర్టు కలిసిపోయింది.
నేను అటు తిరిగాను.
మాట నా నోట్లోనే ఉండిపోయింది.

ముప్పై ఏళ్ళు ఈలకి లోబడ్డ మనిషి.
పలకని కావిలించుకుని
అలాగే నిలబడ్డాడు,
చెవులు ఎరుపు, పెదాలు నీలం.
నేను గాజులోంచి చూసేలోపే
బయట బెంచీ మీంచి ఒక్‌బున్ అరిచింది:
"ష్విఒ!"

అప్పుడు వదిలాడు.
చాలాసేపు వదిలాడు.
నేను వంగి వంగి క్షమాపణ చెబుతుంటే
చెయ్యి ఊపి, మధ్య మధ్య ఆగి, అన్నాడు:
"పర్లేదు. లోపల కూడా
ఈల ఆలస్యంగానే ఊదేవాళ్ళు."

నవంబరులో ఆవిడ ఒక్కతే వచ్చింది,
పాత ఫిల్ములు పట్టుకెళ్ళడానికి.
నాకోసం ఒక మడత దుప్పటి తెచ్చింది.
కవరు వెతుకుతున్న నా వీపుతో చెప్పింది:
"చివర్లో నేనే అన్నాను. ష్విసెయో అని.
నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో
ఆయన్ని మీరు అన్నది అప్పుడే."
కాసేపాగి,
"ఏ అర్థంలో అని అడక్కు."

అడగలేదు.
రాత్రి ఇంట్లో దుప్పటి విప్పాను.
మడత మడతకీ ఎండుటాకు చప్పుడు.
ముఖం దగ్గరికి తెచ్చుకుంటే,
ఎండలో ఎంత ఆరేసినా పోనిది,
సన్నగా, పుల్లగా
ఒక వాసన.